వందో పాయింటు

ఆ బడిలో ఆమెను అందరూ ఈల టీచర్ అనేవాళ్ళు. పెళ్ళి ఫోటోలో తప్ప ఆమె మెడలో ఈల లేని ఫోటో తమ ఇంట్లో ఒక్కటీ లేదని ఆమె భర్త చెబుతుంటాడు. ఆయన ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. ఇంట్లో చల్లదనం ఆయన శాఖ అనీ, వేడి ఆవిడ శాఖ అనీ చుట్టాల్లో ఒక జోకు.

వేడి మాట నిజమే. ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆటల పీరియడ్‌ని లెక్కల టీచర్ లాగేసుకుంటే కోపం, గ్రౌండులో ఎవరైనా స్కూటర్ పెడితే కోపం, ప్రాక్టీసుకి చెప్పులేసుకుని వస్తే కోపం. కానీ ఆమె అరుస్తున్నంతసేపూ పిల్లలు జంకేవాళ్ళు కాదు. అరిచి అరిచి ఆమే నీళ్ళు తాగి, "ఊఁ, మళ్ళీ మొదలెట్టండి" అనేది. ఆమె గొంతు తగ్గిందంటే మాత్రం కుక్కిన పేనుల్లా ఉండేవాళ్ళు.

ఆమె తండ్రి ఒక స్టేడియంలో ఊడ్చే పని చేసేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట వెళ్ళి, మనుషులెవరూ లేని హాల్లో ఆయన చీపురు పట్టుకుంటే తను బంతి పట్టుకునేది. అలా ఆడీ ఆడీ ఊరి జట్టు దాకా వెళ్ళింది. మోకాలు దెబ్బతిన్నాక ఆట మాని, ట్రైనింగ్ చేసి, అట్టపెట్టెల ఫ్యాక్టరీ వెనకున్న ఈ ఆడపిల్లల బడిలో చేరింది. చేరిన ఏడాదే సైకిళ్ళ షెడ్డు పక్కన సిమెంటు నేల మీద తనే గీతలు గీసి, గోడకి రింగు బిగించి, దాన్ని బాస్కెట్‌బాల్ కోర్టు అంది. కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఈ సంగతి జరిగిన సంవత్సరం జట్టులో ఏడుగురు. కెప్టెన్ని కళ్ళజోడు అని పిలిచేవాళ్ళు. జారిపోకుండా కళ్ళజోడుకి వెనకనుంచి ఎలాస్టిక్ కట్టుకునేది. పొడుగు అనే పిల్ల నిజంగానే పొడుగు, కానీ ఎగరమంటే నేలకి అంటుకుపోయేది. చిట్టి అందరికన్నా చిన్నది, అందరికన్నా వేగం. కాకపోతే ఎదుటిపిల్లని పొరపాటున తాకితే చాలు, ఆట మధ్యలోనే ఆగి సారీ చెప్పేది. ఈల టీచర్ ఆ అలవాటు మాన్పించడానికి చెయ్యని ప్రయత్నం లేదు.

పట్టణంలోని బడులన్నిటికీ కలిపి జరిగే పోటీల్లో వీళ్ళ మొదటి మ్యాచ్ పెద్ద స్కూలుతో పడింది. పెద్ద స్కూలంటే చెక్క నేల, గాజు బోర్డులు, కుర్చీల గ్యాలరీ ఉన్న స్కూలు. వాళ్ళ కోచ్ ట్రైనింగ్ కాలేజీలో ఈల టీచర్‌కి జూనియర్. అక్కా అక్కా అంటూ వెంట తిరిగినవాడే. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి.

గెలుస్తామని ఈల టీచర్ అనుకోలేదు. ఓడిపోతామని తెలిసే పిల్లల్ని తీసుకెళ్ళింది. ఓడిపోవడమూ ఆటలో భాగమేనని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆట మొదలైన కాసేపటికే ఆమె ఒళ్ళు మండటం మొదలైంది. పెద్ద స్కూలు పిల్లలు ప్రెస్ ఆడుతున్నారు. అంటే, పాయింటు తమకే వచ్చినా వెనక్కి వెళ్ళి నిలబడకుండా, ఎదుటివాళ్ళు బంతి లోపలికి విసిరే చోటే మీద మీద పడి లాక్కోవడం. సమఉజ్జీల మధ్య అది మంచి ఎత్తు. ఇక్కడ చిట్టి చేతికి బంతి అందేలోపే ముగ్గురు చుట్టుముట్టి లాక్కుని, పక్కనే ఉన్న రింగులో వేసేస్తున్నారు. వీళ్ళు కోర్టులో సగం దాటిందే తక్కువ. సగం ఆట అయ్యేసరికి బోర్డు మీద ఒకవైపు నలభై ఎనిమిది, ఇంకోవైపు రెండు.

విరామంలో ఆమె కోచ్ దగ్గరికి వెళ్ళింది. అరవలేదు. ప్రెస్ తీసెయ్యమని అడిగింది.

"మా పిల్లల్ని ఆడొద్దని ఎలా చెప్పమంటావక్కా?" అన్నాడతను. "కావాలని తగ్గి ఆడితే మీ పిల్లలకి అవమానం కాదా?"

ఆ మాటలో ఎంతో కొంత నిజం ఉండటమే ఆమెను మరింత మండించింది.

"ఆడొద్దనట్లేదు. వెనక్కి వెళ్ళి నిలబడి ఆడమను. ఆ బెంచి మీదున్న పిల్లల్ని దించు. జాకెట్లు కూడా విప్పకుండా కూర్చున్నారు. వాళ్ళు మాత్రం ఎందుకొచ్చినట్టు?"

అతను గ్యాలరీ వైపు చూశాడు. ముందు వరుసలో వాళ్ళ ప్రిన్సిపల్ మేడం కూర్చుని ఉంది. చూద్దాంలే అక్కా, అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

చూసిందేమీ లేదు. అదే అయిదుగురు, అదే ప్రెస్. డెబ్బై దాటాక గ్యాలరీలో పిల్లలు వంద, వంద అని అరవడం మొదలుపెట్టారు. పొడుగు ఏడుస్తూనే ఆడుతోంది. చిట్టి మోచెయ్యి గీసుకుపోయింది. రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. నియమాల్లో ఎక్కడా ఇది తప్పని లేదు, పాపం అతను మాత్రం ఏంచేస్తాడు.

అంతా ఒక ఎత్తు, ఆ తర్వాత జరిగింది ఒక ఎత్తు. తొంభై ఎనిమిది దగ్గర, ఆట ఇంక కొద్ది క్షణాల్లో అయిపోతుందనగా, పెద్ద స్కూలు కోచ్ టైమవుట్ అడిగాడు. తొంభైకి పైగా తేడాతో గెలుస్తున్నవాడు ఆట ఆపించి, పిల్లల్ని చుట్టూ చేర్చుకుని, పలక మీద గీతలు గీసి, వందో పాయింటు ఎలా వెయ్యాలో చెప్పాడు. ఈల టీచర్ తన బెంచి దగ్గర నిలబడి అది చూసింది. ఎన్నో మ్యాచ్‌లు చూసిన మనిషి, అలాంటిది ఎప్పుడూ చూడలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. తన పిల్లలకి నీళ్ళు తాగమని మాత్రం చెప్పింది.

వంద పడింది. ప్రిన్సిపల్ మేడం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. బాస్కెట్ వేసిన పిల్లని మిగతావాళ్ళు ఎత్తి గిరగిరా తిప్పారు. వంద – మూడు అన్న అంకెల ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఈల టీచర్ ఎదుటి జట్టులో పిల్లలందరికీ చెయ్యి కలిపింది. కోచ్ చెయ్యి చాచాడు. ఆమె చూడనట్టే ముందుకు వెళ్ళిపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో పిల్లలు బూట్లు విప్పుకుంటున్నారు. కళ్ళజోడు అడిగింది.

"మనం అంత చెత్తగా ఆడామా టీచర్?"

"మిమ్మల్ని ఆడనివ్వలేదు."

"అది సరే. ఆడటం కూడా బాగా ఆడలేదు టీచర్," అంది ఆ పిల్ల, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం భర్త అలవాటుగా ఆటే కదా అనబోయాడు. "నువ్వు నన్ను చల్లబరచకు," అందామె. ఆయన వంటింట్లోకి వెళ్ళి అన్నం తనే వండాడు. ఆమె వరండాలో కూర్చుని పళ్ళు కొరుకుతూనే ఉంది. ఆమెను తినేస్తున్నది ఓటమి కాదు. తన పిల్లల్ని అక్కడ ఎవరూ ఆటగాళ్ళుగా చూడలేదు. ఒక అంకె చేరుకోవడానికి తొక్కుకుంటూ పోయే మెట్లుగా చూశారు.

గ్యాలరీలో ఎవరో ఆ చివరి నిమిషాన్ని ఫోన్లో తీశారు. అది ఊరంతా తిరిగింది. మొదట్లో అందరూ నవ్వింది వీళ్ళనే. పొడుగు వాళ్ళ అన్న కాలేజీలో ఎవరితోనో కలబడి పెదవి చిట్లించుకుని వచ్చాడు. చిట్టి రెండు రోజులు బడికి రాలేదు. తరవాత ఎక్కడ తిరిగిందో గాలి తిరిగింది. గెలుస్తూ టైమవుట్ తీసుకోవడమేమిటని ముక్కూమొహం తెలియనివాళ్ళంతా పెద్ద స్కూలుని తిట్టిపోశారు. వారం తిరక్కుండా పెద్ద స్కూలు తమ విలువలు ఇవి కావని ఒక ప్రకటన ఇచ్చి, కోచ్‌ని తీసేసింది.

ఆ కబురు విని ఈల టీచర్ సంతోషిస్తుందని స్టాఫ్‌రూములో అందరూ అనుకున్నారు. ఆమె ఇంకా మండిపడింది. లేచి చప్పట్లు కొట్టిన మనిషి కుర్చీ కదల్లేదేం అని అడిగింది. లెక్కల టీచర్ టీ తెచ్చి ఇచ్చింది.

అప్పుడే పెద్ద స్కూలు ప్రిన్సిపల్ వీళ్ళ హెడ్మిస్ట్రెస్‌కి ఫోన్ చేసింది. స్నేహంగా ఇంకో మ్యాచ్ ఆడుకుందామని, మీ పిల్లలకి కొత్త బూట్లు ఇస్తామని, టీవీవాళ్ళు కూడా వస్తారని చెప్పింది. హెడ్మిస్ట్రెస్ అప్పటికప్పుడే ఒప్పేసుకుని, తరవాత ఈల టీచర్‌ని పిలిచి చెప్పింది. ఆమె ససేమిరా అంది. పిల్లల్ని మళ్ళీ ఆ గడప తొక్కించనంది. కానీ ప్రాక్టీసు దగ్గర ఆ మాట చెబితే కళ్ళజోడు తల అడ్డంగా ఊపింది.

"వెళ్దాం టీచర్. మామూలుగా ఒక్కసారి ఆడి చూద్దాం. ఆ రోజు అసలు బంతే ముట్టుకోలేదు."

పిల్లలే అడిగాక ఆమె కాదనలేకపోయింది.

ఆ రోజు హాలు నిండా రంగు కాగితాలు కట్టారు. గోడకి పెద్ద బ్యానరు. ప్రిన్సిపల్ మేడం మైకులో క్రీడాస్ఫూర్తి గురించి చాలాసేపు మాట్లాడింది. మాట్లాడుతూ చిట్టిని దగ్గరికి పిలిచి, తల నిమిరి, కెమెరాల వైపు తిప్పింది. ఈల టీచర్ పిడికిలి బిగించి ఊరుకుంది.

ఆట మొదలైంది. వందో పాయింటు వేసిన అదే అయిదుగురు ఎదురుగా ఉన్నారు. చిట్టికి బంతి వచ్చింది. ముందుకి పరిగెత్తింది. ఎవరూ అడ్డు రాలేదు. ఇద్దరు నవ్వుతూ పక్కకి జరిగి దారి ఇచ్చారు. చిట్టి వేసింది, తప్పిపోయింది. గ్యాలరీ అయ్యో అంది. పెద్ద స్కూలు పిల్ల ఆ బంతి పట్టుకుని మళ్ళీ చిట్టి చేతికే ఇచ్చింది. ఈసారి పడింది. తప్పటడుగులు వేసే పసిపాపని చూసి కొట్టినట్టు అందరూ చప్పట్లు కొట్టారు.

అలా పన్నెండు పాయింట్లు అయ్యాయి. అవతల సున్నా. మొదట పొడుగు నవ్వింది కూడా. తరవాత తన ముందున్న పిల్ల కావాలనే చేతులు దించుకుని నిలబడిందని అర్థమై, దాని మొహం మాడిపోయింది.

కళ్ళజోడుకి బంతి వచ్చింది. రింగు కిందికి వెళ్ళింది. చుట్టూ ఎవరూ లేరు. ఆ పిల్ల వెయ్యలేదు. వెనక్కి తిరిగి పెద్ద స్కూలు కెప్టెన్‌తో అంది.

"రా. వచ్చి లాక్కో."

ఆ అమ్మాయి ఇబ్బందిగా ప్రిన్సిపల్ వైపు చూసింది. "మిమ్మల్ని అడ్డుకోవద్దని మాకు చెప్పారు," అంది మెల్లగా.

కళ్ళజోడు బంతిని నెమ్మదిగా నేల మీద పెట్టింది. అది దొర్లిపోకుండా ఒక క్షణం చేత్తో ఆపి, లేచి వెళ్ళి బెంచి మీద కూర్చుంది. దాని వెనకే మిగతావాళ్ళూ వెళ్ళారు. చిట్టి కూడా.

ప్రిన్సిపల్ మేడం చిరునవ్వుతో దిగి వచ్చింది. "అలసిపోయారా పిల్లలు?" అని అడిగింది.

ఈల టీచర్ గొంతు తగ్గింది. బెంచి మీద ఏడుగురూ తలలు వంచుకున్నారు.

"అలసిపోలేదు మేడం. వాళ్ళకి ఒళ్ళు మండింది. పోయినసారి మా పిల్లల్ని పెట్టి అంకెలు పెంచుకున్నారు. ఈసారి మా పిల్లల్ని పెట్టి మంచివాళ్ళయిపోదామనుకుంటున్నారు. అప్పుడూ ఆడనివ్వలేదు, ఇప్పుడూ ఆడనివ్వట్లేదు. ఏం తేడా?"

"మేం మంచి ఉద్దేశంతోనే..."

"వంద పడ్డప్పుడు మీరు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను మిమ్మల్నే చూస్తున్నాను. అతన్ని పంపించేశారు. మీరు మైకు పట్టుకున్నారు."

ప్రిన్సిపల్ మేడం ఇప్పుడా మాటలెందుకని కెమెరాల వైపు ఒకసారి చూసి, హెడ్మిస్ట్రెస్ కోసం వెతికింది. హెడ్మిస్ట్రెస్ తన చేతిసంచిలో ఏదో చాలా అవసరమైనది వెతుక్కుంటోంది.

అప్పుడు పెద్ద స్కూలు బెంచి మీదనుంచి ఒక పిల్ల లేచింది. ఆ రోజు మొదటినుంచి చివరిదాకా జాకెట్ విప్పకుండా కూర్చున్నవాళ్ళలో ఒకతె. ఆమె వాళ్ళ ప్రిన్సిపల్‌ని అడగలేదు. నేరుగా ఈల టీచర్ దగ్గరికి వచ్చింది.

"టీచర్, మేం ఆడొచ్చా? ఈ ఏడాది మమ్మల్ని ఒక్కసారి కూడా దించలేదు. మేం అడ్డుకుంటాం. బాగా అడ్డుకుంటాం."

ఈల టీచర్ ఆ పిల్లని ఎగాదిగా చూసింది. ఇన్నాళ్ళూ తన పిల్లల బాధే చూసుకుంది గానీ, అవతల బెంచి మీద కూర్చోబెట్టిన పిల్లలు ఇళ్ళకెళ్ళి ఏం చెప్పుకుని ఉంటారో ఆమెకి తట్టనేలేదు. ఆ ఆలోచన రాగానే ఆమె కోపం ఇంకో మెట్టు ఎక్కింది.

"జాకెట్లు విప్పండి," అంది. తన పిల్లల వైపు తిరిగి, "మీరు లేవండి. ఆ పన్నెండూ చెరిపెయ్యమనండి," అని గట్టిగా అరిచింది. అరుపు వినగానే ఏడుగురూ ప్రాణం లేచివచ్చినట్టు లేచారు.

రిఫరీ వందో పాయింటు రోజున ఉన్నతనే. బోర్డు మీద రెండు సున్నాలు పెట్టించి, ఎవరి అనుమతీ అడక్కుండా ఈల ఊదాడు.

అది అందమైన ఆటేమీ కాదు. రెండు వైపులా తప్పులే. బెంచి పిల్లలకి ఆకలి ఎక్కువ, అలవాటు తక్కువ. బంతి చేతికి వస్తే వదిలేవాళ్ళు కాదు. మోకాళ్ళు గీసుకున్నాయి. చిట్టి ఒకతెను గుద్ది ఆగిపోయి సారీ అనబోతే, ఆ పిల్ల "సారీ ఏంటే, ఆడు" అని దాని చేతిలో బంతి లాక్కుని పోయింది. పొడుగు ఆ రోజు మొదటిసారి గాల్లోకి లేచి బంతిని కొట్టింది. అది ఎక్కడికో పోయి గ్యాలరీలో పడింది గానీ, లేచిన మాట నిజం. ఈల టీచర్ గొంతు పోయేదాకా అరిచింది. ఒక దశలో వీళ్ళు ఒక పాయింటు ముందుకి కూడా వెళ్ళారు.

చివరికి ముప్ఫై ఆరు – ఇరవై ఏడుతో ఓడిపోయారు. ఓడిపోగానే కళ్ళజోడూ పొడుగూ ఎవరి వల్ల ఓడామని అక్కడే జుట్లు పట్టుకునేంత పని చేశారు. ఈల టీచర్ ఇద్దర్నీ విడదీసి, ఎవరూ అడ్డురాని ఫ్రీ త్రోల్లో కూడా తప్పినవన్నిటినీ ఒక్కొక్కటే గుర్తుచేసి, టీవీ కెమెరా ముందే అందరికీ తలంటింది. కెమెరావాడు ఇదేమి టీచరమ్మా అన్నట్టు చూశాడు. పిల్లలు మాత్రం చెవులప్పగించి విన్నారు.

బూట్ల పెట్టెలు అక్కడే వదిలేసి వెళ్దామా అని కళ్ళజోడు అడిగింది. ఈల టీచర్ పొడుగు పాదాల వైపు చూసింది. పాత బూట్లలోంచి బొటనవేలు బయటికి వచ్చి ఉంది.

"తీసుకోండి. కోపం నాది, కాళ్ళు మీవి," అంది.

ఆ తరవాత జరగాల్సింది జరిగింది. అతిథులుగా వెళ్ళినచోట అమర్యాదగా ప్రవర్తించినందుకు సంజాయిషీ ఇవ్వమని హెడ్మిస్ట్రెస్ ఆమెకి మెమో ఇచ్చింది. ఆమె తన మాటల్లో ఒక్కటైనా అబద్ధముంటే చూపించమని జవాబు రాసి, ఊళ్ళో ఎవరు చదువుతామన్నా చదవనిచ్చింది. టీవీలో చిట్టి తల నిమిరే ముక్క ఒక్కటే వేశారు. ప్రిన్సిపల్ మేడం కుర్చీ కదల్లేదు. పోటీలు జరిపే సంఘంవాళ్ళు మాత్రం, తేడా మరీ పెరిగిపోతే ప్రెస్ ఆడకూడదని వచ్చే ఏటినుంచి ఒక నియమం పెట్టారు. నియమం పెడితేగానీ తెలియదా అని దానికీ ఆమెకి కోపమే వచ్చింది. కాకపోతే ఆ నియమం కావాలని రాసిచ్చినవాళ్ళలో మొదటి సంతకం ఆమెదే.

కొన్ని నెలల తరవాత ఒక ఆదివారం పొద్దున, మార్కెట్టుకి బయలుదేరిన దారిలో భర్తకి ఫోను వచ్చింది. ఒక జిమ్ములో కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పాడైందట. ఆయన అక్కడ బండి ఆపాడు. ఆమె కూడా లోపలికి వెళ్ళింది. కౌంటర్ వెనక కూర్చున్నది ఆ కోచ్.

అతను లేచి నిలబడ్డాడు. "కూర్చో అక్కా," అన్నాడు. ఆమె కూర్చోలేదు. భర్త ఫ్రిజ్‌ని గోడ నుంచి ముందుకి జరిపి వెనక చేరాడు.

"ఆ రెండో మ్యాచ్ రోజు నా తరఫున మాట్లాడావట కదక్కా," అన్నాడు కోచ్.

"నీ తరఫున కాదు. ఆవిడ మీద మాట్లాడాను."

"వంద కొడితే కొత్త అడ్మిషన్లకి వేసే పోస్టరు మీద పెట్టుకోవచ్చని మేడమే అంది. విరామంలో నువ్వు అడిగాక కూడా నేను ఆవిడ మొహం చూశాను, నీకు గుర్తుందో లేదో."

"గుర్తుంది. టైమవుట్ కూడా ఆవిడే తీసుకోమందా?"

అతను కౌంటర్ మీదున్న తాళాలు అటూ ఇటూ జరిపాడు.

"లేదు. అది నేనే."

"ఎందుకు?"

"తెలియదక్కా. తొంభై దాటాక నాకింక ఎదురుగా పిల్లలు కనిపించలేదు. బోర్డే కనిపించింది."

క్షమించమని అడుగుతాడేమో, అడిగితే చెడామడా తిట్టి కడుపు చల్లబరుచుకుందామని ఆమె ఎదురుచూసింది. అతను అడగలేదు. నవ్వనూ లేదు. మొదటిసారి ఆ మనిషిని నవ్వు లేకుండా చూసింది. ఆమె బయటికి వచ్చి బండి పక్కన నిలబడింది.

ఆయన పనిముట్లు సర్దుకుని వచ్చి, ఎవరతను, నీకు తెలుసా అని అడిగాడు.

"నా జూనియర్. చాలా బాగా ఆడేవాడు. ఒకసారి ఎదుటి జట్టువాడు పడిపోతే బంతి వదిలేసి వాడిని లేపాడు. ఆ మ్యాచ్ మా కాలేజీ ఓడిపోయింది," అంది.

అని, ఆ జ్ఞాపకం ఇప్పుడే ఎందుకొచ్చిందా అన్నట్టు మొహం ముడుచుకుని, బండి వెనక కూర్చుంది. ఆయన బండిని మార్కెట్టు వైపు తిప్పాడు.